ఐదొందలే కదా పోయేది అనే వాళ్ళకి



తిరువూరు హాస్టల్ నుంచి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టొద్దు.

పోయిన ఓనం సీజన్‌లో మా హాస్టల్లో పదకొండు మంది తలా అరవై వేసుకుని ఒక కేరళ బంపర్ టికెట్ కొన్నారు. కొన్నారు అంటే, వాట్సాప్‌లో ఎవడో పంపిన నంబర్‌కి ఫోన్‌పే కొడితే టికెట్ ఫొటో వచ్చింది. టికెట్ మీద రేటు 500, వాడు తీసుకుంది 650. మిగిలిన పది రూపాయలకి అగరబత్తులు తెచ్చి సేవాలాల్ మహారాజ్ ఫొటో ముందు వెలిగించారు. "కొన్నారు, వెలిగించారు" అని వేరేవాళ్ళ సంగతి చెప్తున్నట్టు రాస్తున్నాం గానీ, ఆ పదకొండు మందిలో ఈ పోస్టు రాస్తున్న మేమూ ఉన్నాం. అది ముందే ఒప్పుకుంటున్నాం.

ఆ రెండు వారాలు స్టడీ అవర్‌లో పంపకాలే పంపకాలు. ఒకడు తండాలో బోరు వేయించాడు. ఒకడు అక్క పెళ్లి చేసేశాడు. ఏ.కొండూరు వైపు తండా నుంచి వచ్చినోడు వాళ్ళ నాన్నని డయాలసిస్‌కి విజయవాడ తీసుకెళ్ళడానికి కారు కొన్నాడు. ఆ తండాల్లో కిడ్నీ రోగం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కారు అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు.

డ్రా అయింది. మా నంబర్ రాలేదు. అది మామూలే. తర్వాత పదిరోజులకి మైలవరంలో చదివే మావాడు ఒకడు పండక్కి వచ్చి తన ఫోన్లో వాళ్ళ రూమ్ కొన్న టికెట్ ఫొటో చూపించాడు. అదే ఫొటో. అదే నంబర్. టికెట్ మూల మడత కూడా అదే. అంటే మేము ఓడిపోలేదు, అసలు ఆటలోనే లేము. ఒకవేళ ఆ నంబరుకి ఫస్ట్ ప్రైజు తగిలినా టికెట్ కాయితం ఎవడి దగ్గరుంటే వాడిది డబ్బు. కేరళ లాటరీ కాయితం టికెట్టే, ఆ రాష్ట్రంలో చేతికిచ్చి అమ్మేదే. ఆన్‌లైన్‌లో అమ్మకం లేదని అక్కడి లాటరీ శాఖే చెప్తుంది. పైగా మన రాష్ట్రంలో లాటరీ అమ్మకమే నిషేధం. ఇవన్నీ మాకు తెలిసింది డబ్బు పోయాక.

మాలో ఒకడైతే మాకు చెప్పకుండా సెమిస్టర్ ఫీజు 1,300 పెట్టి ఇంకో రెండు ఫొటోలు కొన్నాడు. ఈ పోస్టు రాయడానికి కారణం వాడే.

సంగతి బయటపడ్డాక రెండు రకాల మాటలు విన్నాం. కొందరు అన్నలు "ఐదొందలే కదా పోయేది, తగిలితే లైఫ్ సెట్" అన్నారు. ఇంకొందరు పెద్దలు, చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళే, "మనోళ్ళు ఎప్పుడూ ఇంతే, కష్టపడకుండా రావాలి" అన్నారు. ఈ రెండు మాటల మీదా మాకు కోపం ఉంది. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

ఐదొందలే అంటున్నారు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకి 307 రూపాయలు ఉండేది. అంటే టికెట్ రేటు అమ్మ ఎండలో రోజున్నర పైగా మట్టి తవ్విన డబ్బు. వాట్సాప్ వాడి 650 అయితే రెండు రోజులు దాటింది. మిరప కోతలకి బోర్డర్ దాటి ఖమ్మం వైపు ట్రాక్టర్ ఎక్కి పోయే వాళ్ళ ఇళ్ళల్లోంచి వచ్చి "ఐదొందలే" అనే మాట మన నోటికి ఎలా వచ్చిందో మాకు అర్థం కావట్లేదు. (మా నోటికీ వచ్చింది. అందుకే అడుగుతున్నాం.)

ఇక తగిలే ఛాన్స్ ఎంత? మేము చదివిన ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2ఏలో సంభావ్యత చాప్టర్ ఉండేది. ఎంపీసీ వాళ్ళం కూడా దాన్ని ఛాయిస్‌లో వదిలేసి పాసైనవాళ్ళమే. ఇప్పుడు మళ్ళీ తీశాం. 2024 ఓనం బంపర్‌కి అమ్ముడైన టికెట్లు 71 లక్షలకి పైనే. ఫస్ట్ ప్రైజు ఒక్కటి, 25 కోట్లు. కాబట్టి ఛాన్స్ 71 లక్షల్లో ఒకటి. ఈ అంకె వింటే ఏమీ అనిపించదు, అదే దీంట్లో ఉన్న మోసం. "71 లక్షల్లో ఒకటి", "71 వేలల్లో ఒకటి" రెండూ చెవికి ఒకేలా వినపడతాయి.

అందుకని హాస్టల్ స్టోర్ రూమ్‌లో బియ్యం పది గ్రాములు తూయించి గింజలు లెక్కపెట్టాం. ఇద్దరం, రెండుసార్లు. ఒకసారి కొంచెం అటు, ఒకసారి కొంచెం ఇటు, ఐదొందల దగ్గర వచ్చింది. అంటే కిలోకి యాభై వేలు. 71 లక్షల గింజలంటే 142 కిలోలు, దాదాపు మూడు యాభై కిలోల బస్తాలు. మూడు బస్తాల బియ్యం నేల మీద పోసి, ఒక్క గింజకి పసుపు రాసి కలిపేసి, నీ కళ్ళకి గంతలు కట్టి, ఒక్కటంటే ఒక్క గింజ తీయమంటారు. ఆ ఒక్కసారికి ఐదొందలు. తీస్తావా?

ఇంకోలా చెప్తాం. మన తిరువూరు పాత కృష్ణా జిల్లాకి, పాత ఖమ్మం జిల్లాకి హద్దు మీద ఉంది. 2011 జనాభా లెక్కల్లో కృష్ణాలో 45 లక్షల మంది, ఖమ్మంలో 28 లక్షలకి కొంచెం తక్కువ. రెండూ కలిపితే 73 లక్షలు. అంటే బందరు సముద్రం దగ్గర్నుంచి భద్రాచలం దాటి చర్ల అడవి దాకా, చంటిపిల్లలతో సహా ప్రతి మనిషి చేతిలో ఒక టికెట్ ఉంటే, అందులో ఒక్క మనిషి. ఆ ఒక్కడు నువ్వే అని నీకెందుకు అనిపిస్తోంది తమ్ముడూ? విజయవాడ బస్సులో మనకి సీటు దొరికిందా ఎప్పుడైనా?

పాత కృష్ణా జిల్లాలో ఎస్టీలం లక్షా ముప్పై వేల మందిమి ఉంటాం అదే లెక్కల ప్రకారం. మనందరం ఏడాదికో బంపర్ టికెట్ కొంటే, మనలో ఎవరో ఒకరికి ఫస్ట్ ప్రైజు తగలడానికి సగటున 54 ఏళ్ళు పడుతుంది. ఏటా ఆరున్నర కోట్ల చొప్పున 54 ఏళ్ళకి మన జాతి పెట్టిన డబ్బు 350 కోట్లు. చేతికొచ్చేది 25 కోట్లు కూడా కాదు. అందులో ఏజెంటు కమీషన్ పది శాతం పోతుంది, మిగిలినదాంట్లో 30 శాతం ఇన్‌కమ్‌టాక్స్ కోస్తారు. 15 కోట్ల 75 లక్షలు మిగులుతుంది. మధ్యలో కోటి ప్రైజులు, చిన్నాచితకా ప్రైజులు వస్తాయి, కాదనం. అవన్నీ కలిపినా పెట్టినదాంట్లో సగం కూడా తిరిగిరాదు. టికెట్ రేటులోనే జీఎస్టీ ఉంటుంది, అది 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 అయింది. కేరళ సర్కారు 1967లో ఈ లాటరీ పెట్టినప్పుడు టికెట్ రూపాయి, మొదటి ప్రైజు 50 వేలు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క ఏడాది కూడా ఓడిపోని ఆటగాడు ఒక్కడే, లాటరీ పెట్టినోడు.

"ఎవరికో ఒకరికి తగులుతుంది కదా" అంటారు. తగులుతుంది. 2022లో తిరువనంతపురం ఆటో డ్రైవర్‌కి తగిలింది. 2024లో కర్ణాటక మెకానిక్‌కి తగిలింది. ఆటో, మెకానిక్, అచ్చం మనలాంటి వాళ్ళే. అందుకే వాళ్ళ ఫొటో మన ఫోన్ల దాకా వస్తుంది. ఫస్ట్ ప్రైజు తగలని వాళ్ళ ఫొటోలు కూడా పేజీకి వంద చొప్పున వేయాలంటే 71 వేల పేజీలు కావాలి. ఏ పేపరూ వేయదు. మనం చూసేది ఒకే ఒక్క ఫొటో కాబట్టి, మన బుర్ర దాన్నే లెక్క అనుకుంటోంది. ఆ ఆటో అన్న అయితే వారం తిరక్కుండానే, డబ్బు అడిగేవాళ్ళ బాధ పడలేక ఇంట్లో ఉండలేకపోతున్నా, ఇంత పెద్దది తగలకపోయినా బాగుండేది అని టీవీల ముందు వాపోయాడు. అది వేరే సంగతి.

టీ కొట్ల దగ్గర నడిచే సింగిల్ నంబర్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన నాన్నల డబ్బు పోయేది అక్కడ. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. తగిలితే రూపాయికి తొమ్మిది ఇస్తారు. ఇది చాలా న్యాయంగా కనపడుతుంది. పదిలో ఒక ఛాన్స్‌కి తొమ్మిది రెట్లు. ప్రతి పది రూపాయలకి ఒక రూపాయి వాడిది, అంతే. కానీ ఆ ఒక్క రూపాయి రోజూ పోతుంది, పైగా నాన్న గెలిచిన తొమ్మిదిని కూడా ఇంటికి తేడు, మళ్ళీ అక్కడే పెడతాడు. "ఏడు వచ్చి పది రోజులైంది, ఇవాళ ఖాయం" అని పెద్దోళ్ళు నోట్‌బుక్కుల్లో చార్టులు రాసుకుంటారు. మా తండాలో సంతకం పెట్టడం రాని తాత కూడా ఆ చార్టు చదువుతాడు. నిన్న ఏం పడిందో డబ్బాకి గుర్తుండదు తాతా! ఒక అంకె వరసగా పదిసార్లు రాకపోవడం నూటికి 35 సార్లు జరిగేదే. ఇరవైసార్లు రాకపోవడం కూడా నూటికి 12 సార్లు జరుగుతుంది. ఇరవై ఒకటోసారి దానికి ఉన్న ఛాన్స్ మళ్ళీ పదిలో ఒకటే.

అసలు ఛాన్స్ బాగున్నా మోసపోతాం అనేదానికి మా తండాలోనే సాక్ష్యం ఉంది. మేము హైస్కూల్లో ఉన్నప్పుడు బైక్ స్కీమ్ అని ఒకటి వచ్చింది. 300 మంది సభ్యులు, నెలకి వెయ్యి, 20 నెలలు. నెలనెలా డ్రా. తగిలినోడికి బైక్, ఆ తర్వాత కట్టక్కర్లేదు. తగలనోడికి ఆఖర్న కట్టిన 20 వేలూ వెనక్కి. లెక్క వేయండి, 300 మందిలో 20 మందికి బైకులు, 15 మందిలో ఒకరికి. లాటరీల్లో ఇంత మంచి ఛాన్స్ ఎక్కడుంది? పైగా పోయేదేమీ లేదాయె. అందుకే మిర్చి డబ్బులొచ్చిన ప్రతి ఇల్లూ చేరింది. మొదటి నెల బైక్‌కి దండేసి తండా అంతా తిప్పారు. పద్నాలుగో నెల డ్రా అయ్యాక ఆఫీసు షట్టర్ తెరవలేదు. అప్పటికి వసూలైంది 41 లక్షలు. ఇచ్చిన పద్నాలుగు బైకులు 90 వేల చొప్పున చూసినా పన్నెండు లక్షల అరవై వేలు. 28 లక్షలు పట్టుకుపోయారు. ఇట్లాంటి స్కీములని నిషేధిస్తూ 1978లోనే కేంద్ర చట్టం ఉంది, ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం అని. దాని పేరు మా తండాలో ఒక్కరికి తెలిసినా మా పెద్దమ్మ పుస్తెలతాడు తాకట్టులో ఉండేది కాదు. మనకి అడగడం రావాల్సింది "ఛాన్స్ ఎంత" అని ఒక్కటే కాదు. డబ్బా ఎవరి చేతిలో ఉంది, తగలనోళ్ళ డబ్బు ఎక్కడుంది అని కూడా అడగాలి.

ఇప్పుడు రెండో మాట. "మనోళ్ళు ఎప్పుడూ ఇంతే."

పెద్దలూ, 2024 అక్టోబర్ 14న మన రాష్ట్రమంతా లాటరీ తీశారు, గుర్తుందా? కలెక్టర్ల ఆధ్వర్యంలో, వీడియో తీయించి మరీ. 3,396 మద్యం షాపులకి 89,882 దరఖాస్తులు. ఒక్కోదానికి రెండు లక్షల ఫీజు, షాపు రాకపోతే తిరిగివ్వరు. సర్కారుకి వచ్చింది 1,797 కోట్లు, ఒక్క సీసా అమ్మకుండా. షాపు తగలని దరఖాస్తులు 86 వేలకి పైగా. మన ఎన్టీఆర్ జిల్లాలోనే 113 షాపులకి 5,800 దాకా పడ్డాయి. మనకి పక్కనే ఉన్న తెలంగాణలో 2025 అక్టోబర్‌లో అదే ఆట, ఫీజు మూడు లక్షలు, 2,620 షాపులకి 95 వేల దరఖాస్తులు, 2,854 కోట్లు. రెండు లక్షలు, మూడు లక్షలు పెట్టి డబ్బాలో పేరు వేసినవాళ్ళు తండాల వాళ్ళా? వాళ్ళని ఎవరైనా "కష్టపడకుండా రావాలనుకునే జాతి" అన్నారా? వ్యాపారం అన్నారు. సంక్రాంతి మూడు రోజులు బరుల దగ్గర గుండాట బల్లల మీద నోట్ల కట్టలు పెట్టేవాళ్ళని సంప్రదాయం అన్నారు. మావాడు అరవై రూపాయలు పెడితే సోమరితనం అయింది.

ఇందులో ఇంకో లెక్క ఉంది, అది అందరూ చూడాలి. ఆ మద్యం డ్రాలో సగటున 26 మందికి ఒక షాపు. ఒక్క దరఖాస్తు వేసినోడు దాదాపు ఖాయంగా ఓడిపోతాడు. కానీ డబ్బున్న గ్రూపులు పదుల్లో దరఖాస్తులు వేశాయి. వేరువేరు షాపులకి 40 వేసినోడికి కనీసం ఒక్కటి తగిలే అవకాశం నూటికి 79. అంటే 80 లక్షలు ఉన్నోడికి అది లాటరీయే కాదు, కొంచెం రిస్క్ ఉన్న కొనుగోలు. అదే ఓనం బంపర్‌లో నూటికి 79 ఛాన్స్ కావాలంటే 56 లక్షల టికెట్లు కొనాలి, 280 కోట్లు పెట్టి 25 కోట్ల కోసం. కాబట్టి గెలవడానికి వీలున్న డ్రాలోకి మనకి రెండు లక్షల గేటు. గెలవలేని డ్రాలోకి మాత్రం అరవై రూపాయలకే రానిస్తారు, వాట్సాప్‌లో ఇంటికొచ్చి మరీ.

ఆశ పడటం మా తప్పు అంటే ఒప్పుకోం. డయాలసిస్‌కి వారానికి రెండుమూడుసార్లు పోవాల్సిన తండ్రి ఉన్న కుర్రాడికి నెలకి వెయ్యి మిగిలించుకుంటే పదేళ్ళకి ఇంత అవుతుంది అని చెప్తే ఏం ఉపయోగం? వాడికి కావాల్సింది పదేళ్ళ తర్వాత కాదు. ఒక్కసారిగా పెద్ద మొత్తం తప్ప ఇంకే దారీ కనపడని చోటే లాటరీ అమ్ముడుపోతుంది. అమ్మేవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

మాలోనే ఒకడు ఇంకో వాదన చేశాడు, అది గట్టిదే. "డీఎస్సీ, గ్రూప్స్ కూడా లాటరీయే కదరా. ఏళ్ళు ఏళ్ళు కోచింగ్‌లో కూర్చుని ఫలితం లేనోళ్ళు ఎంతమంది? దానికంటే టికెట్ చవక." ఈ మాటకి మాకు వెంటనే జవాబు రాలేదు. రెండ్రోజులు ఆలోచించాం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి 3 లక్షల 36 వేల మంది అప్లై చేశారు. దాదాపు 20 మందికి ఒక పోస్టు. 20లో ఒకటి ఎక్కడ, 71 లక్షల్లో ఒకటి ఎక్కడ. పైగా ఆ 20 మందిలో నీ స్థానం నువ్వు మార్చుకోవచ్చు. నిన్న రాని లెక్క ఇవాళ వస్తే ఛాన్స్ పెరుగుతుంది. మనకి రిజర్వేషన్ ఉంది, పోరాడి తెచ్చుకున్నది. లాటరీ డబ్బాలో ఎస్టీ కోటా లేదు, ఎంత చదివినా టికెట్ నంబర్ మారదు. ఒకవేళ పోస్టు రాకపోయినా చదివిన లెక్క తలలో ఉంటుంది. అయినా వాడి మాట పూర్తిగా కొట్టేయలేం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియకుండా, పాతికేళ్ళు దాటేదాకా కూర్చోబెట్టే చదువు లాటరీలాగే అనిపిస్తుంది. అలా అనిపించేలా చేసినవాళ్ళని అడగాల్సింది చాలా ఉంది, దానికి ఇంకో పోస్టు రాస్తాం.

ఫోన్లో ఎరుపు, ఆకుపచ్చ ఆడేవాళ్ళకి ఒక్క ముక్క. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే చట్టం మార్చి ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. ఇంకా టెలిగ్రామ్‌లో లింకు వస్తోందంటే అది చట్టానికి భయపడనివాడు పంపింది. వాడు నీకు గెలిచిన డబ్బు ఇస్తాడా? మొదట్లో రెండుసార్లు ఇస్తాడు. బైక్‌కి దండేసి తిప్పినట్టే.

ఇక మావాడి ఫీజు సంగతి. ఆ పదకొండు మందిమే మళ్ళీ తలా 120 వేసుకున్నాం, 1,320 అయింది. 1,300 కట్టేశాం. ఈసారి మిగిలిన ఇరవైకి అగరబత్తులు కొనలేదు, టీ తాగాం, మూడు టీలు పదకొండు గ్లాసుల్లో. ఆదివారం ముగ్గురం మా తండాకి వెళ్తున్నాం. చౌకడిపో బియ్యం ఇళ్ళల్లో ఉంటాయి కాబట్టి మూడు బస్తాలు దొరుకుతాయి, పసుపు కూడా దొరుకుతుంది. తాత వస్తానన్నాడు, చార్టు పుస్తకం పట్టుకుని.

1930కి ఫోన్ చేసి సైబర్ కంప్లైంట్ పెట్టాం. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాడి నంబర్ ఇచ్చాం. మీ హాస్టల్లో, మీ ఊళ్ళో ఎవరైనా ఓనం బంపర్ ఫొటో కొని ఉంటే సిగ్గుపడకుండా మాకు పంపండి. కుడిపక్క కింద మూల మడత పడి ఉంటుంది. ఆ ఒక్క టికెట్‌ని ఎంతమందికి అమ్మాడో లెక్క తేలుద్దాం. ఇప్పటిదాకా మాకు తెలిసినవి నాలుగు.